పేరు ముందు రెండక్షరాల జాగా

హలో... ఆఁ, వినపడుతోందా? అందరూ బాగున్నారా? నేనే, బేతంచెర్ల పెయింటర్ మారెన్నను. పొయ్యి మీద ఏమైనా పెట్టి ఉంటే మంట తగ్గించుకోండి, బండి మీద ఉంటే ఒక పక్కకు ఆపుకోండి. పొద్దున్నే నేను వాట్సాప్ గ్రూపులో పెట్టే పువ్వుల బొమ్మ లాంటిది కాదు ఇది. పోయిన ఎండాకాలం మా అత్త విషయంలో జరిగింది. చెప్పకుండా ఉండలేక చెబుతున్నా. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి, ఎక్కడైనా తప్పు పోతే సర్దుకుని వినండి.

నా పని పేర్లు రాయడం. ఫ్లెక్సీలు వచ్చాక అంగళ్ళ బోర్డులు పోయాయి గానీ చనిపోయినవాళ్ళ పేర్లు మాత్రం ఇప్పటికీ నా దగ్గరికే వస్తాయి. గుడికి బండలు ఇస్తే బండ మీద, బడికి ఫ్యాను ఇస్తే రెక్క మీద, ఊరికి నీళ్ళ ట్యాంకు ఇస్తే ట్యాంకు మీద. ముందు "కీ.శే." అని రెండక్షరాలు, ఆ తర్వాత పేరు, దాని కింద "జ్ఞాపకార్థం". ఆ మొదటి రెండక్షరాలూ నేను చూడకుండా కూడా రాయగలను. చెయ్యే రాసేస్తుంది.

ఊరి బయట, బండల పాలిష్ ఫ్యాక్టరీలు దాటిన తర్వాత ఒక వృద్ధాశ్రమం ఉంది. అందులో ప్రతి వస్తువూ ఎవరో పోయినవాళ్ళ గుర్తుగా ఇచ్చిందే. కంచాలు, గోడ గడియారం, మంచినీళ్ళ డ్రమ్ము, ఆఖరికి చీపుళ్ళు పెట్టుకునే బీరువా కూడా. ఇనుప మంచాలకైతే తలవైపు రేకు మీద నీలం రంగు కొట్టి తెల్లటి అక్షరాలతో నేనే రాశాను. ఏ మంచం చూసినా నా చేతి రాతే.

ఉగాది పోయాక మా మేనత్త ఉరుకుందమ్మ ఆ ఆశ్రమంలో చేరింది. మామ ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. నేనుండేది మిద్దె పైన అద్దె గది. ఎక్కాలంటే ఇనుప మెట్లు. ఆమె మోకాళ్ళు ఆ మెట్లను తట్టుకోలేకపోయాయి. ఆశ్రమానికి పోతానని తనే అడిగింది.

"నీ మెట్లు ఎక్కి ఎక్కి సచ్చేకన్నా ఆడ సల్లని బండల మీద కూర్చోవడం మేలు రా. నువ్వు వారానికొకసారి వచ్చి మొగం సూపించు, సాలు" అంది.

చేర్చిన రోజు ఆమెకు కిటికీ పక్క మంచం ఇచ్చారు. గాలి తగిలే చోటు. నేను సంతోషపడ్డాను. అత్త మంచం మీద కూర్చుని, తలవైపు రేకు మీద అక్షరాలను వేళ్ళతో తడిమింది. ఆమెకు చదువు రాదు.

"ఇది నీ రాతే గదా? ఏం రాసినావు?"

"కీర్తిశేషులు కృష్ణవేణమ్మ జ్ఞాపకార్థం అని. మన రామకృష్ణ సార్ వాళ్ళమ్మ లే, బండల ఫ్యాక్టరీ..."

నా మాట పూర్తి కాలేదు. అత్త నిప్పు మీద కూర్చున్నదానిలా లేచి నిలబడింది.

"ఆయమ్మ మంచమా ఇది?"

"ఆయమ్మ వాడింది కాదత్తా. ఆయమ్మ పేరు మీద కొత్తగా కొనిచ్చింది."

"పేరుండాది గదా! పేరుంటే ఆయమ్మదే." గొంతు తగ్గించింది. "ఆ ఇంట్లో నా వయసంతా పని చేసినా రా. ఆయమ్మ మంచం కింద దినామూ కసువు ఊడ్చినా. ఒక్క దినం కూడా పట్టె మీద చెయ్యి ఆనించలే. మంచి మనిషే, కాదనను. పండక్కి చీర పెడ్తాండె. గడప అవతల పెడ్తాండె. నేను తీసుకుంటాంటి."

పక్క మంచం మీది ముసలామె పకపకా నవ్వింది. ఆమె పేరు రహమత్ బీ. గాజుల వ్యాపారం చేసి చేసి గొంతు అరిగిపోయిన మనిషి.

"నీకు ఆడదాని మంచమన్నా ఇచ్చినారు, కూర్చోమ్మా. నాది సూడు, ఎవరిదో."

చూశాను. నేను రాసిందే. కీ.శే. భీమలింగప్ప జ్ఞాపకార్థం.

"ఈ భీమలింగప్ప ఎవరో, ఎట్లుండేవాడో! నా మొగుడికి తెలిస్తే గోరీలోనుంచి లేచొచ్చి తలాక్ ఇస్తాడు" అని మళ్ళీ నవ్వింది. మా అత్త నవ్వలేదు. ఆ రోజు నుంచి ఆమె మంచం పక్కన నేల మీదే చాప పరుచుకుంది.

అంతటితో పోయి ఉంటే ఈ కథ లేదు. కొన్నాళ్ళకు ఆశ్రమం మేనేజరు శివశంకర్ సార్ ఫోన్ చేశాడు.

"మారెన్నా, ఒకసారి వచ్చి పోప్పా. మీ అత్త మాత్రలు మింగనంటాంది. బీపీ ఎక్కడికో పోయింది. రేపు ఏమన్నా అయితే నేను నీకేం చెప్పల్ల?"

నేను పోయేసరికి మాత్రల వేళ అయింది. దిల్షాద్ అని ఒక నలభై ఏళ్ళ ఆయా మాత్రల డబ్బాలు ట్రేలో పెట్టుకుని మంచాల మధ్య నడుస్తోంది. కొత్తగా పనిలో చేరింది. ప్రతి డబ్బా మీదా ఒక పేరు. ఆ పేర్లు చూసి పిలుస్తోంది.

"భీమలింగప్పా! షుగర్ మాత్ర!"

"హాజర్!" అని రహమత్ బీ చెయ్యెత్తింది.

"సావిత్రమ్మా!" అంటే ఏసేపు అనే తాత నోరు తెరిచాడు. అట్లా ఒక్కొక్క మంచం దగ్గరా, బతికున్న మనిషి ముందు నిలబడి, పోయిన మనిషి పేరు. ఆ పేర్లన్నీ రాసినవాణ్ణి నేను. రాసేటప్పుడు అవి గట్టిగా పిలిచే పేర్లని నాకెప్పుడూ అనిపించలేదు.

"కృష్ణవేణమ్మా! బీపీ మాత్ర!"

మా అత్త గోడ వైపు తిరిగి కూర్చుంది.

"కృష్ణవేణమ్మా, నిన్నే అమ్మీ! మొండి చెయ్యొద్దు!"

"ఆ పేరు గలామె ఈడ లేదు. పోయింది. యాడికి పోయిందో ఆడికి పోయి ఇచ్చి రా పో."

నేను శివశంకర్ సార్ గదికి పోయాను. ఆయన చెడ్డవాడు కాదు. రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక ఇక్కడ చేస్తున్నవాడు. కుర్చీ చూపించి, తనే కుండలోనుంచి నీళ్ళు ముంచి ఇచ్చాడు.

"ఇదేం పద్ధతి సార్? మనిషికి పేరు లేదా?"

"కోపం చేసుకోకప్పా, విను. మన దగ్గర ఇద్దరు నరసమ్మలు ఉండారు. పోయినేడు ఒకామె షుగర్ మాత్ర ఇంకొకామెకు పోయింది. కళ్ళు తిరిగి పడింది, ఆసుపత్రిలో పెట్టుకుని కాపాడుకున్నాం. ఆమె కోడలు నా కాలర్ పట్టుకుంది. అప్పుడు మంచాలకు నంబర్లు వేస్తే, జైలా ఇది అని వీళ్ళే గోల చేసినారు. మనుషులు మారతాంటారు, మంచాలు మారవు. మంచం పేరే డబ్బాకు అంటించినా. ఆనాటి నుంచి ఒక్క మాత్ర తప్పలేదు."

"మా అత్త పేరు రాస్తే ఏమైతాది?"

ఆయన లేచి కిటికీ రెక్క దగ్గరికి వేశాడు. "అది నాతో కాదు" అన్నాడు. ఎందుకో చెప్పలేదు. "మింగితే ఉంటాది, మింగకపోతే నువ్వు తోలుకోని పో. నా చేతుల్లో ఒక మనిషి పోతే నేను తట్టుకోలేను."

ఇదీ నా ముందున్న చిక్కు. తోలుకుని పోదామంటే ఇనుప మెట్లు. ఎండ చూస్తే మిద్దె మీద గదిలో నాకే ప్రాణం పోతోంది. ఆలోచించి, పెద్దమనిషినని అనుకుని, మధ్యవర్తిత్వం చేశాను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, మాత్రల వేళకు మాత్రం ఆ పేరుకు అత్త పలకాలి. మిగతా వేళల్లో ఆమెను ఉరుకుందమ్మ అనే పిలవాలి. నేల మీద పడుకుంటానంటే ఎవరూ బలవంతం చేయకూడదు. శివశంకర్ సార్ ఒప్పుకున్నాడు. దిల్షాద్ ఒప్పుకుంది. అత్త మాత్రం వెంటనే ఒప్పుకోలేదు.

"పలికితే ఆయమ్మ వస్తాది రా" అంది.

"ఎవరు?"

"పేరు గలామె. ఊరికే పిలిస్తే రాదు. ఎవరన్నా పలికితే వస్తాది."

"ఏందత్తా నువ్వు! నా కోసం పలుకు. రెండు పూటలా ఆఁ అను, సాలు."

"అంటా లే. నీ కోసం అంటా. తర్వాత నన్నడగొద్దు."

ఆ సాయంత్రం దిల్షాద్ పిలిస్తే, అత్త "ఆఁ" అంది. ఎంత మెల్లగా అన్నదంటే ఆ మాట ఆమె నోట్లోనుంచి వచ్చినట్టు కాక, గదిలో ఎక్కడినుంచో వచ్చినట్టు అనిపించింది. మాత్ర మింగింది. నేను బయటికొచ్చి టీ అంగడి దగ్గర అందరికీ చెప్పుకున్నాను, ఆ పంచాయితీ ఎంత నాజూకుగా తెగ్గొట్టానో.

తర్వాత ఫోన్లు తగ్గాయి. బీపీ దిగిందన్నారు. ఎండలు ముదిరాయి. మహానందిలో ఒక సత్రానికి పేర్లు రాసే పని వచ్చి నేను అక్కడే ఉండిపోయాను. తిరిగొచ్చి, అత్తకు ఇష్టమని బొరుగుల ఉగ్గాని పొట్లం కట్టించుకుని ఒక పొద్దున ఆశ్రమానికి పోయాను.

అత్త నేల మీద లేదు. మంచం మీద ఉంది. నడిమధ్యన, వీపు నిటారుగా పెట్టి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని కూర్చుంది. ఆమె ఎప్పుడూ అట్లా కూర్చోగా నేను చూడలేదు. ఎక్కడ కూర్చున్నా ఎవరో లేవమంటారన్నట్టు అంచు మీద కూర్చునే మనిషి.

"అత్తా, ఉగ్గాని తెచ్చినా. వేడిగా ఉండాది, తిను."

నా కాళ్ళ వైపు చూసింది.

"చెప్పులు ఆడ విడిచి రా."

విడిచి వచ్చాను. ఇంకా అట్లాగే చూస్తోంది.

"ఎవరి పిల్లోడివి నువ్వు?"

నా చేతిలో పొట్లం బరువైంది. నా చిన్నప్పుడు అత్త వెంబడి ఆ పెద్దింటికి పోతే, వసారాలో మంచం మీద కూర్చుని కృష్ణవేణమ్మ నన్ను అడిగిన మాట అదే. పోయినప్పుడల్లా అడిగేది. ఆ గొంతు నేను మరిచిపోయాననుకున్నాను. మరిచిపోలేదు.

"నేనత్తా, మారెన్నను."

"ఆ పొట్లం ఉరుకుందికి ఇచ్చి పో. పెరట్లో ఉంటాది."

రహమత్ బీ నా చొక్కా పట్టుకుని పక్కకు లాగింది. ఆ రోజు ఆమె నవ్వలేదు.

"బేటా, కొన్ని దినాలుగా ఇట్లనే. పొద్దున మాత్ర మింగినంక ఆయమ్మ వస్తాంది. ఎండ పడమటికి మళ్ళినంక పోతాంది. అప్పుడు మన ఉరుకుందమ్మ మంచం దిగి, దుప్పటి దులిపి, చాప మీద కూర్చుంటాంది. ఎవరో కూర్చోని పోయినట్టు దుప్పటి సర్దుతాది సూడు, నాకు ఒళ్ళు జలదరిస్తాది."

శివశంకర్ సార్ దగ్గరికి పరుగెత్తాను. డాక్టరు చూశాడట. ఎండకు ఒంట్లో ఉప్పు తగ్గితే ముసలివాళ్ళు ఇట్లా మాట్లాడతారన్నాడట. ఉప్పు కలిపిన నీళ్ళు ఇస్తున్నారట. "నా ఒప్పందం ఎత్తెయ్యి సార్, ఆ పేరుతో పిలవద్దు" అన్నాను.

"రేపు ఒక్క దినం ఆగు మారెన్నా. రేపు కృష్ణవేణమ్మ తిథి. రామకృష్ణ సార్ అందరికీ భోజనం పెట్టడానికి వస్తాండాడు. ఆయన ఇచ్చే బియ్యంతోనే ఏడాదిలో సగం గడుస్తాది మనకు. ఆయన ముందర వాళ్ళమ్మ పేరుతో ఒక ముసలామె ఇట్ల మాట్లాడిందనుకో! రేపు పొద్దున్నే వచ్చి మీ అత్తను వెనక గదిలో కూర్చోబెట్టు. ఆయన పోయినంక నువ్వు చెప్పినట్టే చేద్దాం."

మరుసటి రోజు పోయాను. వసారా కడిగి ముగ్గు వేశారు. వంటవాళ్ళు ఓళిగలు, అదే బొబ్బట్లు, కాలుస్తుంటే నెయ్యి వాసన గేటు దాకా వస్తోంది. అత్త అప్పటికే తల దువ్వుకుని మంచం నడిమధ్యన కూర్చుని ఉంది.

"అత్తా, లోపల గదిలో ఫ్యాను బాగుండాది, రా పోదాం."

"నా కొడుకు వస్తాంటే నేను లోపల కూర్చోవల్లా?" అంది.

 చెయ్యి పట్టుకోబోయాను. ఆ చూపుకు నా చెయ్యి దానంతట అదే వెనక్కొచ్చింది.

రామకృష్ణ సార్ వచ్చాడు. అరవై దగ్గర పడిన మనిషి. తెల్ల పంచె, భుజం మీద తువాలు. అమ్మ ఫోటోకు దండ వేసి, తనే గరిటె పట్టుకుని వడ్డించడానికి దిగాడు. కింద కూర్చోగలిగినవాళ్ళు కింద, కాళ్ళు ముడుచుకోలేనివాళ్ళు మంచాల మీదే ఇస్తరాకు పెట్టుకున్నారు. మా అత్త ముందు కూడా ఆకు వేశారు. నేను గుంజకు ఆనుకుని, ఈ నాలుగు మెతుకులు గొడవ లేకుండా అయిపోతే చాలని మొక్కుకుంటున్నాను.

పాపం దిల్షాద్‌కు అంతా చెప్పే ఉంచారు. కానీ అలవాటు. అన్నానికి ముందు ఇచ్చే ఉప్పు నీళ్ళు గుర్తొచ్చి గ్లాసు పట్టుకుని వచ్చి ఎప్పటిలాగే గట్టిగా పిలిచింది.

"కృష్ణవేణమ్మా!"

రామకృష్ణ సార్ చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఆఁ" అంది మా అత్త. "వస్తాండా."

గదిలో ఎవరూ నమలడం లేదు.  ఆయన మెల్లగా తిరిగి ఆ మంచం దగ్గరికి వచ్చాడు. రేకు మీద తన తల్లి పేరు, దాని కింద ఒక ముసలి మొహం. ఆయన ఆమెను గుర్తుపట్టలేదు. గరిటె పక్కన పెట్టి, ఒక ఓళిగ తీసి ఆకులో పెట్టాడు. 

"తినమ్మా" అన్నాడు.

అత్త ఆకు వైపు చూడలేదు. ఆయన మొహమే చూసింది.

"ఉరుకుందికి పెట్టినావా, కిట్టప్పా?"

 కిట్టప్ప అనేది ఆయన చిన్నప్పటి పేరు. ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఇప్పుడు భూమ్మీద లేరనే ఆయన అనుకుని ఉంటాడు.

"ఎవరికి?"

"ఉరుకుందికి. పొద్దున్నుంచి పెరట్లో ఉండాది. అందరూ తిన్నంక పెడ్దాం లే అనుకుంటాంటి. దినామూ అట్లనే అనుకుంటాంటి. అది అడగదు. ఈ పొద్దు ముందర దానికి పెట్టు."

"ఉరుకుందక్క..." అన్నాడాయన. మొహం పిల్లవాడి మొహంలా అయిపోయింది. "నన్ను ఎత్తుకుని తిప్పిన ఉరుకుందక్కా? ఇప్పుడు యాడుండాది?"

నేను చెప్పాల్సింది. నాకన్నా ముందు రహమత్ బీ మెతుకులంటిన చేత్తోనే చూపించింది.

"నీ ముందరే కూర్చోనుండాది నాయనా."

ఆయన మంచం పట్టె మీద చెయ్యి వేయబోయి తీసేసుకున్నాడు. తర్వాత పోయి ఇంకొక ఇస్తరాకు తెచ్చాడు. దాంట్లో తనే అన్నీ వడ్డించాడు, ఓళిగ, చిత్రాన్నం, పప్పు, నెయ్యి. వడ్డించుకుని ఎక్కడ పెట్టాలో తెలియక అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు.

"ఆడ పెట్టు" అంది అత్త, మంచం అవతలి కొస చూపించి. "వస్తాది."

పెట్టాడు. ఒకే మంచం మీద రెండు ఆకులు. ఆమె ఆ రెండో ఆకు వైపు, ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు చూస్తూ కూర్చుంది. దిల్షాద్ కొంగు నోట్లో కుక్కుకుంది. ఎంతసేపైందో నాకు తెలియదు. ఉన్నట్టుండి అత్త వీపు వంగింది. రెండు చేతులూ పరుపు మీద ఊని, మెల్లగా జరిగి జరిగి, ఆ కొసకు పోయి రెండో ఆకు ముందు కూర్చుంది. ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. నమిలింది.

"పప్పులో ఉప్పు తక్కువైంది, కిట్టప్పా" అంది.

అది మా అత్త గొంతు.

మొదటి ఆకు ముందు ఎవరూ కూర్చోలేదు. దాన్ని ఎవరూ తీయలేదు కూడా.

భోజనాలయ్యాక మేం ముగ్గురం వసారాలో కూర్చున్నాం. రామకృష్ణ సార్ తువాలు మడత పెడుతూ విప్పుతూ ఉన్నాడు. శివశంకర్ సార్ మొదలుపెట్టాడు.

"తప్పు నాదే సార్. పేర్లు రాసిన కాలం కూడా ఉండాది. వీళ్ళ పేర్లే రాసి డబ్బాలకు అంటిస్తాంటి. మనిషి పోతే ఆ పేరు గోరుతో గీకి తీస్తాంటి. ఒకనాడు అన్నం కలుపుకుంటాంటే గోరు సందులో కాగితం ముక్క కనపడింది. పొద్దున పోయినాయన పేరులో ఒక అక్షరం. ఆ దినం నుంచి నాతో కాలేదు. ఇద్దరు నరసమ్మల కథ నిజమే. కానీ అసలు కారణం ఇది. పోయినోళ్ళ పేర్లయితే మళ్ళీ పోవు గదా అనుకున్నా."

రామకృష్ణ సార్ నా వైపు తిరిగాడు. "మా అమ్మ పేరు చెరిపెయ్యి మారెన్నా. ఉరుకుందక్క పేరు రాయి. బియ్యం సంగతి మీరేం దిగులు పడద్దు, అది ఆగదు."

నేను బ్లేడూ ఉప్పుకాగితమూ తెచ్చుకుని మంచం దగ్గర కూర్చున్నాను. అత్త చాప మీదనుంచి చూసింది.

"ఏం చేస్తాండావు?"

"ఆ పేరు గీకేసి నీ పేరు రాస్తా."

"గీకితే ఆయమ్మ యాడికి పోవల్ల?" అంది. "ఈ ఎండలో! ఉండనీ రా. ముసలోళ్ళం, ఎంత జాగా కావల్ల మాకు. దాని కింద రాయి నాది."

కింద రాశాను. తెల్ల రంగుతో, శ్రద్ధగా, ఆశ్రమంలో నేనింతవరకూ ఏ పేరూ అంత అందంగా రాయలేదు. రాసి, కుంచె తుడుచుకుని, ఎట్లుందత్తా అన్నాను. ఆమె లేచి వచ్చి పై వరస మీద వేలు పెట్టి మొదటినుంచి చివరిదాకా నడిపింది. తర్వాత కింది వరస. వేలు మొదట్లోనే ఆగింది.

"పైన ఈడ మొదలైంది. నాది ఆడ మొదలైంది. ముందర ఈ జాగా ఎందుకు ఇడిసిపెట్టినావు?"

చూసుకున్నాను.  పేరు ముందు సరిగ్గా రెండక్షరాల జాగా. చెయ్యి దానంతట అదే వదిలేసింది. ఇన్నేళ్ళుగా ఆ రెండక్షరాలు లేకుండా ఈ గదిలో ఒక్క పేరూ రాయని చెయ్యి.

"అన్ని మంచాల మీదా ముందర ఆ రెండు ఒకే మాదిరి ఉండాయి" అంది అత్త. "భీమలింగప్పకుండాయి, సావిత్రమ్మకుండాయి. సదువు రాకపోయినా సూస్తాండా గదా. అవి పోయినోళ్ళకు రాసేవి గదూ?"

"అవునత్తా." ఉప్పుకాగితం అందుకున్నాను. "చెరిపి మళ్ళీ రాస్తా. తప్పయింది."

"ఏంటికి చెరపడం? రంగు దండగ." ఆ జాగా వేలితో చూపించింది. "ఆ జాగాలో ఒక పువ్వు వెయ్యి. కనకాంబరం. ఆయమ్మ మల్లెపూలు పెడ్తాండె. నాది కనకాంబరం. కలిసిపోకూడదు."

వేశాను. ఎర్ర రంగులో పసుపు రంగు కలిపి, రెండక్షరాల జాగా నిండేలా.

రహమత్ బీ వెంటనే గొడవకు దిగింది. "నాది ఆ భీమలింగప్ప కింద రాస్తే ఒప్పుకోను. పక్కన రాయి! నాకు గులాబీ వెయ్యల్ల, ఎర్రగా!" ఆ వారమంతా అన్ని మంచాలకూ రాశాను. ఇద్దరు నరసమ్మలకు ఊళ్ళు కలిపాను, వెల్దుర్తి నరసమ్మ, ప్యాపిలి నరసమ్మ. డబ్బాల మీద కూడా అవే పేర్లు, అవే పువ్వులు. దిల్షాద్ ఇప్పుడు పువ్వు చూసి మాత్ర ఇస్తుంది. ఏసేపు తాత మాత్రం పువ్వొద్దన్నాడు, మేకపిల్లను వేయించుకున్నాడు.

మృగశిర వానలు పడ్డాక ఒకరోజు శివశంకర్ సార్ ఫోన్ చేశాడు. రహమత్ బీ పోయింది. నిద్రలోనే. ఆ మంచానికి కొత్తగా ఒక పెద్దామె వచ్చింది, రంగు తీసుకుని రమ్మన్నాడు. పోయాను. రంగు డబ్బా మూత తీసి మంచం దగ్గర కూర్చున్నాను. భీమలింగప్ప పక్కన రహమత్ బీ పేరు, దాని ముందు ఎర్ర గులాబీ. పువ్వు చెరిపి ఆ రెండక్షరాలు రాయాలా, ఏం చేయాలి? అత్తను అడిగాను.

"జాగా యాడుండాది రా?" అంది. "నిండిపోయింది గదా."

నేను రాయలేదు. కొత్తామె పేరు వాళ్ళిద్దరి కింద రాశాను. ఏం పువ్వు కావాలని అడిగాను.

మా అత్త బాగుంది. మంచం మీదే పడుకుంటోంది, ఒక పక్కకు ఒదిగి, రెండో సగం ఖాళీగా ఉంచి. ఎవరైనా ఆ పక్క కూర్చోబోతే "జరుగప్పా, ఆడ మనిషుండాది" అంటుంది. పొద్దున దిల్షాద్ "ఉరుకుందమ్మా" అని పిలిస్తే "ఆఁ" అంటుంది. అని, పక్కకు తిరిగి మెల్లగా ఇంకొక మాట అంటుంది. నా చెవులతో విన్నాను.

"నిన్ను కాదులేమ్మా. నన్ను."

నేను మాత్రం పోయిన ప్రతిసారీ ఆమె మొహం కన్నా ముందు ఆ రెండక్షరాల జాగాలో కనకాంబరం ఇంకా ఉందా అని చూస్తున్నాను.

ఇంతే నేను చెప్పాలనుకున్నది. మీ ఇంటి మనిషి ఎవరైనా ఇట్లాంటి చోట ఉంటే, ఈసారి పోయినప్పుడు పండ్లు ఇచ్చి వచ్చేయకండి. మాత్రల వేళ దాకా ఉండండి. వాళ్ళను అక్కడ ఏ పేరుతో పిలుస్తున్నారో, ఏ పేరుకు పలుకుతున్నారో ఒకసారి వినండి. నాకు మెచ్చుకోలు బొమ్మలేమీ పంపకండి గానీ, ఈ కథ మాత్రం అట్లాంటి మనిషి ఉన్న ఇంకొక ఇంటికి పంపండి. పంపేటప్పుడు మా అత్త పేరు పూర్తిగా ఉండేలా చూసి పంపండి. ఉరుకుందమ్మ. ఉంటాను మరి.